ఓడలు వెళ్ళిపోయాక ఒడ్డున మిగిలినవాళ్ళం

"మీరు ఎక్కడినుంచి వచ్చారు?"

కోస్తాలో పుట్టి పెరిగిన ముస్లింలను ఈ ప్రశ్న జీవితమంతా వెంటాడుతుంది. ఊరి పేరు తెలుసుకోవడానికి అడిగే ప్రశ్న కాదిది. బందరు అనో, గుడివాడ అనో, చీరాల అనో చెబితే అడిగినవారికి తృప్తి ఉండదు. "అది సరేనండీ, అసలు మీవాళ్ళు ఎక్కడివాళ్ళు?" అంటారు. అడిగేవాళ్ళంతా చెడ్డవాళ్ళు కారు. చాలామంది ప్రేమగానే అడుగుతారు. "ముస్లింలైనా తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ" అని మెచ్చుకునేది కూడా వీళ్ళే. ఆ మెచ్చుకోలులో ఉన్న "అయినా" ఎక్కడ గుచ్చుకుంటుందో వాళ్ళకు తెలియదు.

ఈ ప్రశ్నకు మావాళ్ళు రెండు జవాబులు చెబుతుంటారు. మొదటిది గర్వంగా చెప్పే జవాబు. మా పెద్దలు ఇరాన్‌నుంచి, అరబ్బు దేశాలనుంచి ఓడల్లో వచ్చారు, మాది పెద్ద ఖాందాన్, కావాలంటే షజరా చూపిస్తాం అంటారు. రెండోది ప్రాధేయపడుతూ చెప్పే జవాబు. మేమూ ఇక్కడివాళ్ళమే, మా ముత్తాతలూ మీ ముత్తాతలూ ఒకటే, మధ్యలో మతం మారామంతే అంటారు. ఒకరు దూరదేశంనుంచి గౌరవం అరువు తెచ్చుకుంటారు. ఇంకొకరు రక్తాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. చూడడానికి వేరువేరుగా ఉన్నా రెండు జవాబులూ ఒక విషయాన్ని ఒప్పేసుకుంటున్నాయి. ముందు వచ్చినవాడిదే నేల, తర్వాత వచ్చినవాడు సంజాయిషీ ఇచ్చుకోవాలి అన్నదే ఆ విషయం.

అసలు ఇది న్యాయమేనా? ఒక మనిషికి ఒక నేల మీద హక్కు ఎక్కడినుంచి వస్తుంది? ముందు రావడంవల్లనా, మేలు చేయడంవల్లనా, కాగితాలవల్లనా, నిలబడి ఉండడంవల్లనా? ఈ ప్రశ్నను గాలిలో చర్చించడం మాకు ఇష్టం లేదు. దీన్ని ఒక రేవు దగ్గరికి తీసుకుపోదాం. రాకపోకలే బతుకైన చోటు రేవు. ఎవరు లోపలివాళ్ళు, ఎవరు బయటివాళ్ళు అన్న లెక్క అక్కడ తేలినట్టు మరెక్కడా తేలదు.

*

పటంలో మచిలీపట్నం అని ఉంటుంది. కృష్ణాజిల్లా జనం నోట్లో మాత్రం అది బందరే. బందర్ ఫారసీ మాట. రేవు అని అర్థం. బందరు లడ్డు, బందరు రోడ్డు, బందరు కాలవ అంటున్నప్పుడు ఎవరికీ పరాయిమాట పలుకుతున్నామన్న ధ్యాస ఉండదు. లంగరు ఫారసీ. పడవ నడిపే సరంగు ఫారసీ. కోమటి దుకాణంలో చిట్టా పుస్తకానికి ఒకవైపు జమ, ఇంకోవైపు ఖర్చు. రెండూ ఓడలెక్కి, గుర్రాలెక్కి వచ్చిన మాటలే. ఈ మాటలను ఎక్కడినుంచి వచ్చావని ఎవరూ అడగరు. మాట పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. ఆ మాటలు పలికే మనుషుల దగ్గరికొచ్చేసరికే లెక్క మారిపోతుంది.

ఈ తీరంలో ఓడల వ్యాపారం గోల్కొండ నవాబులతో మొదలు కాలేదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో ఎర్రసముద్రం, హిందూ మహాసముద్రాల రేవుల గురించి గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్' అనే గ్రంథం ఈ ప్రాంతాన్ని మసాలియా అంది. ఇక్కడ సన్ననూలు బట్టలు బాగా తయారవుతాయని రాసింది. రెండో శతాబ్దిలో టాలెమీ మైసోలియా అన్నాడు. కృష్ణానదిని మైసోలస్ అన్నాడు. కంటకోస్సిల అనే రేవును పేర్కొన్నాడు. అది మన ఘంటసాల అని పండితులు గుర్తించారు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో మహానావికుడి ప్రస్తావన ఉంది. బౌద్ధస్తూపం కట్టిన ఊరు, ఓడలు నడిపిన ఊరు ఒకటే. ఇవాళ ఘంటసాలలో నిలబడి ఎటు చూసినా వరిచేలు తప్ప సముద్రం కనిపించదు. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు సముద్రాన్ని వెనక్కి నెట్టేసింది.

ఏ నది సరుకు తెచ్చి రేవును బతికిస్తుందో ఆ నదే మేట వేసి రేవును పూడుస్తుంది. అందుకే ఈ తీరంలో రేవు ఎప్పుడూ ఒక్కచోట ఉండలేదు. ఒకటి పూడితే ఇంకొకటి లేచింది. ఘంటసాల పోయింది, మోటుపల్లి వచ్చింది. మోటుపల్లి పోయింది, బందరు వచ్చింది. అసలైన రేవు ఏది, కొసరు రేవు ఏది అని అడగడం ఎంత అర్థం లేనిదో, ఆ రేవుల చుట్టూ చేరిన జనంలో అసలు ఎవరు, కొసరు ఎవరు అని అడగడం అంతే అర్థం లేనిది.

*

మోటుపల్లి దగ్గర కొంచెం ఆగాలి. ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర అదొక చిన్న ఊరు. అక్కడి వీరభద్రాలయం మండపంలో ఒక స్తంభం మీద కాకతి గణపతిదేవుడు 1244-45లో ఒక శాసనం చెక్కించాడు. దాన్ని అభయశాసనం అంటారు. దాని సారాంశం ఇది. వెనకటి రాజులు, ద్వీపాంతరాలనుంచి, దేశాంతరాలనుంచి వచ్చే ఓడలు తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, మణులు అన్నీ లాగేసుకునేవారు. మేము అలా చేయం. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ళ మీద దయతో, కీర్తికోసం, ధర్మంకోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నాం. ఆ సుంకం ముప్ఫయ్యో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు. ఏ సరుకుమీద ఎంత సుంకమో కూడా అక్కడే చెక్కించాడు.

ఒక గుడిస్తంభం మీద పరదేశులకు ఇచ్చిన మాట ఇది. వచ్చేవాడి మతం ఏమిటని ఆ శాసనం అడగలేదు. లౌకికవాదాన్ని పాశ్చాత్యులనుంచి అరువు తెచ్చుకున్నామని వాదించేవాళ్ళు ఒక్కసారి మోటుపల్లి వెళ్ళి రావాలి.

అయితే మేము ఆ శాసనాన్ని పటం కట్టి పూజించబోవడం లేదు. దాన్ని రెండుసార్లు చదవాలి. మొదటిసారి చదివితే దయ కనిపిస్తుంది. రెండోసారి చదివితే సుంకం కనిపిస్తుంది. రాజుకి వర్తకుడు కావాలి. వర్తకుడు రావాలంటే భయం పోవాలి. భయం పోతే ఓడలు వస్తాయి, ముప్ఫయ్యో వంతు ఖజానాలో పడుతుంది. ధర్మమూ లాభమూ అక్కడ చెట్టాపట్టాలు వేసుకుని నడుస్తున్నాయి. అందులో తప్పేమీ లేదు. కాని లాభం చెయ్యి వదిలేసిన రోజున ధర్మం ఒంటరిగా నడుస్తుందా అన్నదే మా ప్రశ్న.

ఇంకో సంగతి. 1323లో కాకతీయుల రాజ్యం కూలింది. 1358లో అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ అభయశాసనం వేయించాల్సి వచ్చింది. స్థిరపడాలని వచ్చినవాళ్ళకు భూమి ఇస్తామనీ, వెళ్ళిపోదలచినవాళ్ళను ఆపబోమనీ మాట ఇచ్చాడు. రాతిమీద చెక్కినంత మాత్రాన మాట శాశ్వతం కాదు. రాజు మారినప్పుడల్లా, కాలం మారినప్పుడల్లా దాన్ని మళ్ళీ చెక్కుకోవాలి.

*

ఇక బందరు. పదహారో శతాబ్ది చివరినుంచి దాదాపు వందేళ్ళపాటు గోల్కొండ రాజ్యానికి అది ముఖద్వారం. కుతుబ్‌షాహీల ఓడలు ఒకవైపు ఎర్రసముద్రానికీ బందర్ అబ్బాసుకీ, ఇంకోవైపు అరకాన్, పెగూ, తెనాసెరిం, ఆచే రేవులకీ పోయేవి. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడెక్కేవారు. డచ్చివాళ్ళు 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. ఫ్రెంచివాళ్ళు 1669లో వచ్చారు. కొల్లూరు వజ్రాలనుంచి పల్లెటూరి మగ్గం మీది ముతకగుడ్డ దాకా ఇక్కడ అమ్ముడుపోనిది లేదు.

చిత్రమేమిటంటే బందరులో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. సముద్రం అక్కడ లోతు తక్కువ. ఓడలు మైళ్ళ దూరాన లంగరు వేసుకుని నిలబడేవి. సరుకునీ మనుషులనీ చిన్నపడవల్లో తేవాలి. పలకలను మేకులతో కాకుండా కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన పడవలవి. మసూలా పడవలంటారు. అలలు విరిగేచోట మేకులు కొట్టిన పడవ పగులుతుంది. కుట్టిన పడవ అలకు వంగి లేస్తుంది. ఇస్ఫహాన్‌నుంచి వచ్చిన షావుకారైనా, లండన్‌నుంచి వచ్చిన కెప్టెనైనా చివరి మైళ్ళు ఈ తీరపు జాలరి చేతిలో ప్రాణం పెట్టి రావలసిందే.

ఈ రేవును నిలబెట్టిన సరుకు అద్దకం బట్ట. కలంకారీ అన్న పేరు ఫారసీ. చేసిన చేతులు తెలుగువాళ్ళవి. నేత పూర్తయిన బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టేవారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి నలుపు తీసేవారు. పటిక పట్టించి, చిరివేరుతో ఉడికించి ఎరుపు తెచ్చేవారు. నిజాంపట్నం వైపు దొరికే చిరివేరు ఎరుపుకి అప్పట్లో సాటి లేదు. ఇరాన్ ఇళ్ళకోసం సరుచెట్టు, మిహరాబు వేసిన నమాజు గుడ్డలు ఇక్కడే తయారయ్యాయి. ఒక్క గుడ్డ లెక్క చూడండి. పత్తి ఏకింది దూదేకుల చెయ్యి. నేసింది సాలెల చెయ్యి. బయానా ఇచ్చి కొన్నది కోమటి షావుకారు. నమూనా ఇరాన్‌ది. ఓడకు చేర్చింది జాలరి. దాన్ని పరుచుకుని సజ్దా చేసినవాడు ఇస్ఫహాన్‌లోనో షీరాజ్‌లోనో ఉన్నాడు. ఆ గుడ్డ ఏ మతం?

ఇలా రాస్తుంటే మాకే ముచ్చటేస్తుంది. అక్కడే జాగ్రత్త పడాలి. రేవులో అందరూ కలిసి పనిచేశారు, నిజమే. అందరూ సమానంగా బతకలేదు. బయానా తీసుకున్న నేతగాడు అప్పులో పుట్టి అప్పులో పోయాడు. పరగణాలను గుత్తకు పాడుకున్న అధికారులు గుత్త సొమ్ముకు ఎన్నో రెట్లు రైతు దగ్గర పిండుకున్నారు. కరువుల్లో ఈ తీరంనుంచి మనుషుల్నే కొని ఓడలెక్కించారు. అదంతా మాకు స్వర్ణయుగమని చెప్పుకుంటే, ఎవరికి అని ఒక ప్రశ్న వేసుకోక తప్పదు.

రాజుల విషయంలోనూ అంతే. బందరు వెళ్తూ తానాషా దారిలో భాగవతుల ఆట చూసి మెచ్చి, కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడని ఆ ఊరివాళ్ళే చెప్పుకుంటారు. అదే తానాషా కంచెర్ల గోపన్నను జైల్లో పెట్టాడు. మొదటి కథ చెప్పి మమ్మల్ని మెచ్చుకునేవాళ్ళున్నారు. రెండో కథ చెప్పి మమ్మల్ని నిలదీసేవాళ్ళున్నారు. మాకు రెండూ వద్దు. అగ్రహారం మేము ఇవ్వలేదు, జైలు మేము కట్టలేదు. పరగణా పన్ను వసూలు చేసిన మాదన్న మంత్రి తరఫున నేటి ఏ బ్రాహ్మణుడూ జవాబు చెప్పనక్కర్లేదు. తానాషా తరఫున మేమూ జవాబుదారులం కాము. రాజు పేరు ముస్లిం పేరైనంత మాత్రాన రాజ్యం ముస్లింలది కాలేదు. దూదేకులవాడు ఆ రాజ్యంలోనూ దూదే ఏకాడు.

*

బందరు ఎలా పోయింది? ఎవరో ఒక దుర్మార్గుడు వచ్చి పాడుచేస్తే పోలేదు. ఇంగ్లీషువాళ్ళు 1641లో తమ ప్రధాన స్థావరాన్ని మద్రాసుకు మార్చుకున్నారు. 1687లో గోల్కొండ ఔరంగజేబుకు లొంగింది. మొగలుల ముస్లిం సైన్యమే ముస్లిం రాజ్యాన్ని, దాని రేవునీ దెబ్బతీసింది. చరిత్రను హిందూ ముస్లిం తగాదాగా చదివేవాళ్ళు ఈ పేజీని గబగబా తిప్పేస్తారు. ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ మన అద్దకం బట్టలను అడ్డుకుంటూ చట్టాలు చేసుకున్నాయి. 1722లో ఇస్ఫహాన్ అఫ్ఘన్ల చేతికి చిక్కి సఫావీల రాజ్యం కూలింది. పడమటి తలుపు ఒకటి, ఇరాన్ తలుపు ఒకటి, రెండూ మూసుకున్నాయి. 1759లో కంపెనీ సేనలు ఫ్రెంచివాళ్ళనుంచి బందరు కోట పట్టుకున్నాయి. పంతొమ్మిదో శతాబ్దిలో మాంచెస్టరు మిల్లుగుడ్డ వచ్చింది. 1832-33 నందన కరువును జనం డొక్కల కరువన్నారు. ఆ కరువు నేతగాళ్ళనూ మింగింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరులోనూ చుట్టుపక్కలా 30 వేలమంది దాకా పోయారు. మేట ఎలాగూ పెరుగుతూనే ఉంది. 1933లో విశాఖ హార్బరు తెరిచేనాటికి బందరు రేవు ఒక జ్ఞాపకం.

ఓడలు పోతే ఓడలతో వచ్చినవాళ్ళు ఏమయ్యారు? పెద్దవాళ్ళు పెద్దచోట్లకి పోయారు. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌నుంచి వచ్చిన మహమ్మద్ సయ్యద్ ఇక్కడ ఓడల యజమాని అయ్యాడు, కొంతకాలం ఈ రేవు పాలన చూశాడు, గోల్కొండలో మీర్ జుమ్లా అయ్యాడు. సుల్తానుతో చెడగానే మొగలుల పంచన చేరి, 1663లో బెంగాలు గడ్డమీద పోయాడు. డబ్బున్నవాడికి దేశం ఒక మజిలీ. డచ్చివాళ్ళు వెళ్ళారు, ఫ్రెంచివాళ్ళు వెళ్ళారు, చివరికి ఇంగ్లీషువాళ్ళూ వెళ్ళారు. వాళ్ళ గుర్తుగా డచ్చి సమాధులున్నాయి. రాళ్ళమీద వంశచిహ్నాలు అందంగా చెక్కి ఉంటాయి. పర్యాటకులు చూసి ఫోటోలు తీసుకుంటారు. ఆ సమాధులతో ఎవరికీ పేచీ లేదు. చచ్చిన పరాయివాడు వారసత్వ సంపద అవుతాడు. బతికున్న పొరుగువాడే పరాయివాడవుతాడు.

వెళ్ళడానికి ఓడ లేనివాళ్ళు మిగిలారు. పత్తి ఏకినవాళ్ళు, రంగు ఉడికించినవాళ్ళు, మూటలు మోసినవాళ్ళు, ఆ షావుకార్ల ఇళ్ళలో వంటచేసినవాళ్ళు, వాళ్ళు వదిలేసిపోయిన ఆడవాళ్ళు, పిల్లలు. వీళ్ళలో ఏ మతంవాళ్ళు లేరు? అద్దకం బందరు నుంచి పెడనకు జరిగి ఇంకా బతికే ఉంది. కలం పోయి టేకు అచ్చులు వచ్చాయి. చిరివేరు పోయి అలిజరిన్ వచ్చింది. చేతులు మాత్రం ఇక్కడివే.

ఇక్కడ మావాళ్ళతో ఒక మాట చెప్పాలి. ఓడల్లో వచ్చినవాళ్ళ పేర్లు షజరాల్లో ఉన్నాయి. ఒడ్డున మిగిలినవాళ్ళ పేర్లు లేవు. సయ్యదులం, షేకులం, పఠాన్లం అనుకునే ఇళ్ళలో దూదేకులకు, నూర్‌బాషాలకు పిల్లనివ్వడానికి ఈనాటికీ వెనకాడుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఉర్దూ రాదు, వీళ్ళేం ముసల్మానులు అంటారు. "ముస్లింలైనా తెలుగు బాగా మాట్లాడతారు" అన్న మాట మమ్మల్ని ఎంత బాధపెడుతుందో, "ముస్లింలై ఉండీ తెలుగు మాట్లాడతారా" అన్న మాట వాళ్ళను అంత బాధపెడుతుంది. బయటివాళ్ళు మమ్మల్ని ఏ తక్కెడలో తూస్తున్నారో అదే తక్కెడలో మావాళ్ళు మావాళ్ళనే తూస్తున్నారు. బందరు చరిత్రలో మాకంటూ ఒక ముత్తాత కావలిస్తే మీర్ జుమ్లాకన్నా దూదేకులవాడే దగ్గరివాడు. అతను ఎక్కడికీ పోలేదు.

*

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. హక్కు ఎక్కడినుంచి వస్తుంది?

1992 డిసెంబరు 6 తర్వాత మా సభల్లో, మా వ్యాసాల్లో ఒక వాదన బాగా పెరిగింది. ఈ దేశానికి మేము ఇంత చేశాం అని పట్టిక చదవడం. తాజ్‌మహల్ మేము కట్టాం, చార్మినార్ మేము కట్టాం, బిర్యానీ మేము తెచ్చాం, కలంకారీకి పేరు మేము పెట్టాం, స్వాతంత్య్రం కోసం మావాళ్ళు ఇంతమంది ప్రాణాలిచ్చారు. ఇందులో నిజాలున్నాయి. చరిత్రను చెరిపేస్తున్నప్పుడు వాటిని చెప్పడం అవసరమే. కాని హక్కుకు పునాదిగా దీన్ని పెట్టుకోవడం ప్రమాదం. ఎందుకంటే ఇది మోటుపల్లి లెక్క. సుంకం కట్టావు కాబట్టి ఉండు అన్న లెక్క. అలా అయితే ఏమీ కట్టనివాడి సంగతేమిటి? పంక్చర్లు వేసుకునేవాడు, మాంసం కొట్టేవాడు, బీడీలు చుట్టే ముసలమ్మ, వీళ్ళు దేశానికి ఏ తాజ్‌మహల్ కట్టారని చూపిస్తారు? ఉపయోగం ఉన్నన్నాళ్ళే గౌరవం అంటే, మేట వేసిన రోజున రేవునీ రేవులోని మనుషులనూ ఒకేసారి వదిలేయవచ్చునన్నమాట. పక్కింటి సుబ్బారావుగారు ఈ దేశంలో ఉండడానికి తన తాతలు ఏం కట్టారో చూపించనక్కర్లేనప్పుడు, మస్తాన్ ఎందుకు చూపించాలి?

కాగితాల వాదనా అలాంటిదే. 2019 ఆగస్టు 31న అస్సాంలో ప్రకటించిన పౌరుల జాబితాలో 19 లక్షలకు పైగా మనుషులకు చోటు దొరకలేదు. అందులో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. ఏటా వరదలొచ్చే నేలలో తాతల కాగితం దాచుకోలేని పేదవాళ్ళే ఎక్కువ. ఆ ఏడాదే పౌరసత్వ చట్టాన్ని సవరించి, పక్కదేశాలనుంచి శరణు కోరి వచ్చేవాళ్ళను మతం చూసి వేరుచేశారు. ఏడున్నర శతాబ్దాల కిందట గణపతిదేవుడు అడగని ప్రశ్నను ఒక ప్రజాస్వామ్యం అడిగింది. 1864 ఉప్పెనలో కొట్టుకుపోయిన బందరు ఇళ్ళలో ఎన్ని దస్తావేజులు పోయాయో, 1977 నవంబరు 19న దివిసీమలో ఎన్ని పోయాయో, ఎవరు తెచ్చి చూపించగలరు?

ముందు రావడం కాదు, మేలు చేయడం కాదు, కాగితం కాదు. అయితే ఏది? మాకు తోచిన జవాబు చాలా మామూలుది. పక్కపక్కన బతికిన బతుకే హక్కు. ఒకే ఉప్పెనలో మునగడం, ఒకే కరువులో మాడడం, ఒకే సంతలో బేరమాడడం, ఒకరి చావుకు ఒకరు వెళ్ళడం. ఇందులో ముందూ వెనకా లేవు. ఎవరి వాటా ఎంత అని లెక్కగట్టే తక్కెడా లేదు.

మా రెండు భాషలు ఈ సంగతి మాకు చిన్నప్పుడే నేర్పాయి. ఢిల్లీ, లక్నో ఉర్దూకి "హమ్" ఒక్కటే. తెలుగులో అలా కాదు. ఎదుటివాణ్ణి వదిలేస్తే "మేము", కలుపుకుంటే "మనం". దక్కను నేలమీద పెరిగినందువల్ల మా దఖ్ఖనీకి కూడా ఈ తేడా తెలుసు. "హమ్" ఉంది, ఎదుటివాణ్ణి కలుపుకునే "అపన్" ఉంది. ఈ వ్యాసమంతా మేము, మేము అంటూ రాశాం. గాయం ఎక్కడుందో చెప్పాలంటే ఆ మాట తప్పదు. "మేము" అనగానే వేరు కుంపటి అని ఉలిక్కిపడే లౌకికవాద మిత్రులకు మా మనవి ఒక్కటే. మమ్మల్ని మేము అననివ్వని "మనం"లో మాకు చోటు లేదు. మేము అని ముగించి ఊరుకునే మా పెద్దలకూ ఒక మనవి ఉంది. "అపన్" అన్న మాట మన ఇంట్లోదే, దాన్ని మరిచిపోవద్దు.

రాజ్యాంగ పీఠిక తెలుగులో ప్రజలు తమను తాము "మేము" అనే చెప్పుకుంటారు. ఆ మేములో మేమూ ఉన్నాం. మోటుపల్లిలో ఇచ్చేవాడు రాజు, పుచ్చుకునేవాడు పరదేశి. రాజ్యాంగంలో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరే. అందుకే మేము ఎవరినుంచీ అభయం అడగడం లేదు. అభయం పరదేశికి ఇస్తారు. మేము ఆ మాట రాసుకున్నవాళ్ళలో ఒకళ్ళం.

అలాగని అభయం అన్న మాటకు పని తీరిపోలేదు. ఒకప్పుడు బందరు ఓడలు వెళ్ళిన అరకాన్‌నుంచి తరిమేసిన రోహింగ్యాలు కొన్ని వేలమంది హైదరాబాదు శివార్లలో, బాలాపూర్ వైపు గుడిసెల్లో తలదాచుకుంటున్నారు. చేతిలో గంధం లేదు, కర్పూరం లేదు, కట్టడానికి ముప్ఫయ్యో వంతూ లేదు. వాళ్ళు ముస్లింలు కాబట్టి ఆదుకోవాలని మేము అనం. ఆ మాట అంటే మతం చూసి మనిషిని తూచేవాళ్ళకూ మాకూ తేడా ఉండదు. శ్రీలంకనుంచి వచ్చిన తమిళుడైనా, పాకిస్తాన్‌నుంచి వచ్చిన హిందువైనా, అరకాన్‌నుంచి వచ్చిన రోహింగ్యా అయినా ఓడ పగిలి ఒడ్డుకు చేరినవాడే. సుంకం ఇవ్వగలిగినవాడికి చూపే దయ వ్యాపారం. ఏమీ ఇవ్వలేనివాడి దగ్గరే ధర్మం తేలుతుంది.

2023 మే నెలలో బందరులో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. ఓడలు మళ్ళీ వస్తే మంచిదే. పిల్లలకు పనులు దొరుకుతాయి. వాటితో ఏయే దేశాల మనుషులు, ఏయే మాటలు వస్తాయో చూడాలి. ఆ ఓడలు వచ్చినా రాకపోయినా మేము ఇక్కడే ఉంటాం. రేవు లేని రోజుల్లోనూ ఇక్కడే ఉన్నాం.